12 వోల్టుల ఆర్‌జీబీ స్ట్రిప్ + ఆర్డునో ఉనో: ఎరుపు మాస్‌ఫెట్ కాలిపోతోంది, చివర తెలుపు ఎర్రగా వస్తోంది

కోవ్‌లైట్_5మీ

అందరికీ నమస్కారం. ఫాల్స్ సీలింగ్ కోవ్ కోసం ఈ కింది సరంజామాతో బిగిస్తున్నాను.

స్ట్రిప్: 5050 ఆర్‌జీబీ, మీటరుకు 60 ఎల్‌ఈడీలు, 5 మీటర్ల రోల్, 12 వోల్టులు. సప్లై: 12 వోల్టులు 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును 12 వోల్టుల డీసీగా మార్చే పెట్టె). బోర్డు: ఆర్డునో ఉనో, 9, 10, 11 పిన్నులు. రంగుకొకటి చొప్పున మూడు ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్లు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు), పిన్ను నుంచి గేటుకు, అంటే స్విచ్‌ను నడిపే కాలికి, నేరుగా వైరు. అంతా బ్రెడ్‌బోర్డు మీదే ఉంది.

సమస్యలు నాలుగు. ఎరుపు మాస్‌ఫెట్ రెండు నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, మిగతా రెండూ గోరువెచ్చగా ఉన్నాయి. తెలుపు పెడితే సప్లై ఉన్న కొస తెల్లగా, అవతలి కొస ఎర్రగా వస్తోంది. బాగా తగ్గించి డిమ్ చేస్తే వెలుగు మెట్లుమెట్లుగా ఎగురుతోంది. ఉనోను రీసెట్ చేసినప్పుడల్లా నీలం ఒక క్షణం వెలుగుతోంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

వోల్ట్‌మీటర్

కొలతలు లేకుండా మాట్లాడితే అందరం గాల్లో బాణాలేసినట్టే. మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టండి. కోడ్‌లో మూడు రంగులూ 255 (నిండు వెలుగు) ఇచ్చి నిలపండి. నల్ల ప్రోబ్ సోర్స్ కాలు (గ్రౌండ్ వైపుది) మీద, ఎర్ర ప్రోబ్ డ్రెయిన్ కాలు (స్ట్రిప్ వైపుది) మీద. ప్రోబ్‌లు మాస్‌ఫెట్ కాలి లోహానికే తగలాలి, బ్రెడ్‌బోర్డు రంధ్రంలో పెట్టకండి. మూడింటికీ రాయండి.

తర్వాత స్ట్రిప్ మొదట్లో పాజిటివ్ ప్యాడ్‌కూ బి (నీలం) ప్యాడ్‌కూ మధ్య ఎన్ని వోల్టులు, చివర ఎన్ని? ఎరుపు వైరులో కరెంటు కూడా చూడండి. మీటర్ ప్రోబ్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చడం మరవకండి.

కోవ్‌లైట్_5మీ

డ్రెయిన్-సోర్స్ మధ్య: ఎరుపు 0.72, పచ్చ 0.11, నీలం 0.14 వోల్టులు. ఎరుపు కరెంటు 1.7 ఆంపియర్లు. నీలానికి స్ట్రిప్ మొదట్లో 11.7, చివర 10.5.

ఎరుపు మాస్‌ఫెట్‌నూ పచ్చ మాస్‌ఫెట్‌నూ అటూ ఇటూ మార్చి చూశాను. వేడి ఆ పీసుతోపాటే పచ్చ వైపు వెళ్లింది.

గేట్‌డ్రైవ్

మార్చి చూడటం చాలా మంచి పని, సగం దారి అక్కడే తేలిపోయింది. తప్పు ఆ రంగుది కాదు, ఆ పీసుది. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ నంబరుది.

ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ డేటాషీట్‌లో 17.5 మిల్లీఓమ్‌లు అని పెద్దగా కనిపిస్తుంది. పక్కనే గేటుకు 10 వోల్టులు ఇస్తేనే అని ఉంటుంది. థ్రెషోల్డ్ (తెరుచుకోవడం మొదలయ్యే గేటు వోల్టేజి) 2 నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అదీ 250 మైక్రో ఆంపియర్ల దగ్గర కొలిచిన విలువ. అంటే ఆ వోల్టేజి దగ్గర మాస్‌ఫెట్ తెరుచుకోవడం మొదలుపెడుతుంది తప్ప పూర్తిగా తెరుచుకోదు. మీ ఉనో ఇచ్చేది 5 వోల్టులు. థ్రెషోల్డ్ తక్కువ పడ్డ పీసులు 5 వోల్టులకు సర్దుకుపోతాయి, 4 దగ్గర పడ్డది సగం తెరుచుకుని హీటర్‌లా పనిచేస్తుంది. మీ మూడింట్లో జరిగింది అదే.

లెక్క చూడండి. 0.72 × 1.7 = సుమారు 1.2 వాట్లు. టీవో-220 ప్యాకేజీకి (మీ మాస్‌ఫెట్ బయటి తొడుగు) హీట్ సింక్ లేకపోతే వాటుకు 62 డిగ్రీలు పెరుగుతుంది. అంటే గది వేడి మీద 75 డిగ్రీలు అదనం. గది 35 ఉంటే లోపల 110.

మార్గం: ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ తెచ్చుకోండి. మధ్యలో ఆ "ఎల్" అక్షరమే అసలు తేడా, కొట్లో చిప్ మీది అక్షరాలు చూసి మరీ తీసుకోవాలి. దానికి గేటు 5 వోల్టుల దగ్గర గరిష్ఠంగా 25 మిల్లీఓమ్‌లు. 1.7 ఆంపియర్లకు 0.04 వోల్టులు, ఒక వాటులో పదోవంతు కూడా ఉండదు. హీట్ సింక్ అక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. మాస్‌ఫెట్ మాడ్యూల్ పేరుతో ఆకుపచ్చ స్క్రూ టెర్మినళ్లతో అమ్మే చిన్న బోర్డుల్లో చాలావాటి మీద ఐఆర్‌ఎఫ్520 ఉంటుంది. అది 10 వోల్టుల గేటు దగ్గరే 0.27 ఓమ్‌లు. 5 వోల్టులకు ఇంకా ఎక్కువ. కొనేముందు చిప్ మీద రాత చదవండి.

టంకం_తాతయ్య

బాబూ, జిల్లా కేంద్రాల్లో ఐఆర్‌ఎల్ అని అడిగితే కొట్టువాడు ఐఆర్‌ఎఫ్ చేతిలో పెడతాడు. అదే టిప్122 ట్రాన్సిస్టర్ అయితే యాంప్లిఫయర్లు బాగుచేసే ప్రతి షాపులో దొరుకుతుంది. 5 ఆంపియర్ల డార్లింగ్టన్. బేస్‌కు 1 కిలో ఓమ్ వేసి కలిపేస్తే సరిపోదా?

గేట్‌డ్రైవ్

తాతయ్య గారూ, వెలుగుతుంది, కానీ రెండు నష్టాలు. డార్లింగ్టన్‌లో రెండు ట్రాన్సిస్టర్లు ఒకదాని మీద ఒకటి కాబట్టి కలెక్టర్-ఎమిటర్ మధ్య 2 ఆంపియర్లకు దాదాపు ఒక వోల్టు మిగిలిపోతుంది. 3 ఆంపియర్లకు డేటాషీట్ గరిష్ఠం 2 వోల్టులు. ఒక్కోదానికి రెండు వాట్ల వేడి, మూడింటికీ హీట్ సింక్‌లు కావాలి. రెండోది, ఆ ఒక వోల్టు స్ట్రిప్‌కు అందదు. నీలానికి అది పెద్ద దెబ్బ, ఎందుకో కింద వోల్ట్‌మీటర్ గారు చెబుతారు అనుకుంటున్నాను.

యూఎల్‌ఎన్2803 డ్రైవర్ చిప్ అని ఇంకెవరైనా అనేలోపు: ఛానెల్‌కు 500 మిల్లీ ఆంపియర్లే. మీటరు ముక్కకు సరే, 5 మీటర్లకు కాదు.

టంకం_తాతయ్య

సరే, ఒప్పుకున్నాను. అలాగైతే చేతిలో ఉన్న ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ పారేయక్కర్లేదు. గేటుకు 12 వోల్టులే ఇద్దాం. ఎలాగంటే:

గేటు నుంచి +12కు 1 కిలో ఓమ్. బీసీ547 అనే చిన్న ట్రాన్సిస్టర్ కలెక్టర్ గేటుకు, ఎమిటర్ గ్రౌండ్‌కు. ఉనో పిన్ను నుంచి 4.7 కిలో ఓమ్ ద్వారా బేస్‌కు. పిన్ను 0 అయితే బీసీ547 ఆఫ్, గేటు 12కు లేస్తుంది, స్ట్రిప్ వెలుగుతుంది. పిన్ను 5 అయితే ఆరిపోతుంది. అంతా తలకిందులు కాబట్టి కోడ్‌లో 255లోంచి తీసేసి రాయాలి.

ఇక్కడ చాలామంది మరిచేది ఒకటుంది. రీసెట్‌లో పిన్ను తేలిపోతుంది, బీసీ547 ఆఫ్ అవుతుంది, స్ట్రిప్ నిండుగా వెలిగిపోతుంది. అందుకని పిన్ను నుంచి +5కు 10 కిలో ఓమ్ కలపండి. పిన్ను ఖాళీగా ఉన్నా బీసీ547 ఆన్‌లోనే ఉండి గేటును కిందికి పట్టుకుంటుంది.

1 కిలో ఓమ్‌లో 12 మిల్లీ ఆంపియర్లు, 0.14 వాట్లు, పావు వాటు రెసిస్టర్ చాలు. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ గేటు 20 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది కాబట్టి 12కు భయం లేదు. 24 వోల్టుల స్ట్రిప్‌కు మాత్రం ఇలాగే కట్టకండి, గేటు చస్తుంది.

వోల్ట్‌మీటర్

తాతయ్య గారి సర్క్యూట్ నూటికి నూరుపాళ్లు పనికొస్తుంది, కిలోహెర్ట్జ్ దాకా వాడుకోవచ్చు. అంతకన్నా పైకి వెళ్తే 1 కిలో ఓమ్ గేటును నింపడానికి నిదానం.

ఇక చివర ఎర్రబడటం. స్ట్రిప్‌ను దగ్గరగా పట్టుకుని చూడండి. ప్రతి కత్తెర గీతకూ మధ్య మూడు ఎల్‌ఈడీలు, వాటి పక్కన మూడు నల్ల రెసిస్టర్లు. మామూలుగా రెండింటి మీద 151, ఒకదాని మీద 331 అని ఉంటుంది. అంటే 150 ఓమ్‌లు రెండు, 330 ఓమ్‌లు ఒకటి. 330 ఎరుపుది.

మూడు నీలం ఎల్‌ఈడీలు వరుసగా కలిస్తే 3.2 × 3 = 9.6 వోల్టులు తినేస్తాయి. 12లో రెసిస్టర్‌కు మిగిలేది 2.4. ఎరుపుకు 2 × 3 = 6, మిగిలేది కూడా 6. ఇప్పుడు స్ట్రిప్ పొడుగునా 1.2 వోల్టులు పడిపోయాయనుకోండి. నీలం రెసిస్టర్ మీద 2.4 కాస్తా 1.2 అయింది, కరెంటు సగం. ఎరుపుకు 6 పోయి 4.8, ఐదోవంతే తగ్గింది. కరెంటు తగ్గితే ఎల్‌ఈడీ వోల్టేజి కూడా కాస్త దిగుతుంది కాబట్టి నిజంలో ఇంత ఘోరంగా ఉండదు, కానీ వరస ఇదే. నీలం, పచ్చ నీరసపడితే మిగిలేది ఎరుపు. మీ ఎరుపు మాస్‌ఫెట్ 0.72 వోల్టులు మింగుతున్నా వెలుగులో తేడా మీ కంటికి దొరకనిది కూడా ఇందుకే.

మందు: రెండు కొసల నుంచీ ఫీడ్ చేయడం. చాలామంది అవతలి కొసకు పాజిటివ్ ఒక్కటే లాగుతారు. అది సగం లాభమే, ఎందుకంటే ఆర్, జి, బి రాగి పట్టీల్లోనూ వోల్టేజి పడిపోతోంది. నాలుగు వైర్లూ లాగండి.

వైరు మందం: మొత్తం 6 ఆంపియర్లు, పెట్టె నుంచి స్ట్రిప్‌కు 5 మీటర్ల దూరం అనుకుంటే పోను రాను 10 మీటర్లు. 0.75 స్క్వేర్ ఎంఎం వైరు మీటరుకు 26 మిల్లీఓమ్‌లు, అంటే 1.5 వోల్టులు వైరులోనే ఆవిరి. 1.5 స్క్వేర్ ఎంఎం అయితే 0.8. 2.5 అయితే 0.5. నిజానికి మూడు రంగుల తిరుగు వైర్లు వేరువేరు, ఒక్కోదాంట్లో 2 ఆంపియర్లే, కాబట్టి పాజిటివ్‌కు 2.5, మిగతా మూడింటికి 1 వేసినా బాగుంటుంది. ఇంకా మంచిది, మాస్‌ఫెట్లనూ ఎస్‌ఎంపీఎస్‌నూ స్ట్రిప్ దగ్గరికే జరపడం.

కోడ్_కారప్పొడి

రీసెట్‌లో నీలం వెలగడం గురించి నేను చెబుతాను. ఉనో బూట్‌లోడర్ నడిచేంతసేపూ పిన్నులన్నీ ఇన్‌పుట్‌లే. గేటు ఒక చిన్న కెపాసిటర్ లాంటిది, ఎటూ కట్టకుండా వదిలేస్తే పక్క వైరులోని చప్పుడుకు కూడా తెరుచుకుంటుంది. ప్రతి గేటు నుంచి సోర్స్‌కు 10 కిలో ఓమ్ వేయండి. (తాతయ్య గారి తలకిందుల సర్క్యూట్‌కు ఇది వద్దు, దానికి ఆయన చెప్పిన పుల్-అప్, అంటే +5కు కలిపే 10 కిలో ఓమ్, ఉంది.) పిన్నుకూ గేటుకూ మధ్య 220 ఓమ్‌లు. గేటు ఖాళీగా ఉన్న తొలి క్షణంలో పిన్ను మీద పడే కరెంటు 5 / 220 = 23 మిల్లీ ఆంపియర్లకు ఆగుతుంది; పిన్ను గరిష్ఠ హద్దు 40.

మెట్లుమెట్లుగా ఎగరడం హార్డ్‌వేర్ తప్పు కాదు. కన్ను వెలుగును సమానంగా లెక్కపెట్టదు. 255లో 1 అంటే వెలుగులో 0.4 శాతం, కానీ గామా 2.2 (కంటి తీరును లెక్కలోకి తెచ్చే ఘాతం) ప్రకారం కంటికి అది దాదాపు 8 శాతంలా కనిపిస్తుంది. సున్నా నుంచి ఒకేసారి 8 శాతానికి దూకితే మెట్టు కనబడదా మరి. 8 బిట్లలో గామా పట్టిక వేసినా లాభం లేదు, 1 నుంచి 14 దాకా అన్నీ సున్నా అయిపోతాయి. బిట్లు పెరగాలి. 12 బిట్లు ఉంటే మొదటి మెట్టు కంటికి 2.3 శాతం.

ఉనోలో 16 బిట్ల టైమర్ ఒక్కటే, టైమర్1. దానికి 9, 10 పిన్నులు మాత్రమే వస్తాయి. మూడో రంగుకు చోటు లేదు. 11 టైమర్2ది, 8 బిట్లే. కాబట్టి దారులు మూడు. మెగా బోర్డు: టైమర్4తో 6, 7, 8 పిన్నులు, మూడూ 16 బిట్లు. లేదా ఈఎస్పీ32 అనే ఇంకో కంట్రోలర్ బోర్డు. లేదా ఉనో అలాగే ఉంచి, డిమ్మింగ్ పల్సులు తానే ఇచ్చే పీసీఏ9685 బోర్డు, ఐ2సీ రెండు వైర్లతో 16 ఛానెళ్లు, ఒక్కోటి 12 బిట్లు, ఫ్రీక్వెన్సీ 1526 హెర్ట్జ్ దాకా. మీకు మూడోది సులువు. ఆ బోర్డులో ప్రతి అవుట్‌పుట్‌కూ 220 ఓమ్‌లు ముందే ఉంటాయి, మళ్లీ వేయక్కర్లేదు. 10 కిలో ఓమ్ మాత్రం వేయండి.

పట్టిక: విలువ = 4095 × (మెట్టు / 255) కు 2.2 ఘాతం. సరిచూసుకోవడానికి: 10కి 3, 64కి 196, 128కి 899 రావాలి. 1 నుంచి 4 దాకా సున్నా వస్తుంది, వాటిని బలవంతంగా 1 చేసేయండి. స్కెచ్ మొదట్లోనే 256 విలువలూ లెక్కగట్టి అర్రేలో పెట్టుకోండి, లూపులో పవర్ ఫంక్షన్ పిలిస్తే ఉనో నత్తనడక నడుస్తుంది.

కోవ్‌లైట్_5మీ

పీసీఏ9685, ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ రెండూ ఆర్డర్ పెట్టాను. ఈలోగా ఇంకో సందేహం. సగం వెలుగులో ఎస్‌ఎంపీఎస్ సన్నగా గుయ్‌మంటోంది. పూర్తి వెలుగులో మౌనం. ఫోన్ కెమెరాలో చూస్తే నల్ల పట్టీలు కదులుతున్నాయి.

గేట్‌డ్రైవ్

ఉనో 9, 10, 11 పిన్నుల్లో పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్-ఆఫ్ చేసి వెలుగు తగ్గించే పద్ధతి) 490 హెర్ట్జ్. సెకనుకు 490 సార్లు సప్లై మీద 6 ఆంపియర్ల బరువు ఎక్కి దిగుతోంది, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఆ స్వరంతో కంపిస్తోంది. పూర్తి వెలుగులో ఎక్కడం దిగడం లేదు కాబట్టి చప్పుడు లేదు.

ఎస్‌ఎంపీఎస్ అవుట్‌పుట్ దగ్గర, పాజిటివ్‌కూ నెగటివ్‌కూ మధ్య 2200 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ వేయండి. స్ట్రిప్ ప్యాడ్ల మీద, అంటే పాజిటివ్‌కూ ఆర్‌కూ మధ్య మాత్రం వేయొద్దు. అలా వేస్తే ప్రతి పల్స్‌కూ మాస్‌ఫెట్ ఆ కెపాసిటర్‌ను నింపాల్సి వస్తుంది, డిమ్మింగ్ చెడి మాస్‌ఫెట్ కూడా పోతుంది.

పీసీఏ9685తో ఇంకో మేలుంది. ప్రతి ఛానెల్‌కూ ఎప్పుడు మొదలవ్వాలో వేరుగా చెప్పొచ్చు. ఎరుపు 0 దగ్గర, పచ్చ 1365 దగ్గర, నీలం 2730 దగ్గర మొదలెట్టండి. మూడూ ఒకేసారి ఎక్కవు, సప్లై మీద కుదుపు తగ్గుతుంది. ముగింపు లెక్క 4095 దాటితే 4096 తీసేసి రాయండి, చిప్ చుట్టూ తిరిగి సరిగ్గానే ముగిస్తుంది.

కెమెరా పట్టీలకు ఫ్రీక్వెన్సీ పెంచడమే మార్గం. ఐఈఈఈ 1789-2015 సిఫార్సు ప్రకారం పూర్తిగా ఆరి వెలిగే కాంతికి 1250 హెర్ట్జ్ దాటితే ఇబ్బంది తక్కువ, 3000 దాటితే లేనట్టే. 1526 మీ ఇంటికి చాలు. వీడియోలు తీసే గది అయితే ఈఎస్పీ32తో ఇంకా పైకి వెళ్లండి: ఫ్రీక్వెన్సీని 2 ఘాతం బిట్ల సంఖ్యతో గుణిస్తే 80 మెగాహెర్ట్జ్ దాటకూడదు. 5 కిలోహెర్ట్జ్‌కు 13 బిట్లు, 19 కిలోహెర్ట్జ్‌కు 12 బిట్లు.

కానీ ఊరికే 20 కిలోహెర్ట్జ్‌కు దూకకండి. 220 ఓమ్‌ల గుండా గేటు నిండటానికి సుమారు 3 మైక్రోసెకన్లు పడుతుంది, ఆ కాసేపూ మాస్‌ఫెట్ సగం తెరిచి ఉంటుంది. 2 ఆంపియర్లు, 12 వోల్టులకు 490 హెర్ట్జ్ దగ్గర ఆ నష్టం 0.035 వాట్లు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1.4 వాట్లు. మళ్లీ వేడి సమస్యకే తిరిగొస్తారు. అక్కడ టీసీ4427 లాంటి గేట్ డ్రైవర్ చిప్ తప్పనిసరి. సప్లై 12 వోల్టులు నేరుగా ఇవ్వొచ్చు, ఇన్‌పుట్‌కు 2.4 వోల్టులు దాటితే చాలు కాబట్టి ఈఎస్పీ32 3.3 వోల్టులకూ పలుకుతుంది. చిప్ కాళ్లకు ఆనించి 1 మైక్రోఫారడ్ సిరామిక్ పెట్టాలి. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్‌కు డేటాషీట్ హామీ 4 వోల్టుల దాకానే, 3.3కు లేదు, ఈఎస్పీ32 వాడేవాళ్లకు నేను ఈ డ్రైవరే చెబుతాను.

మూడు_రోళ్లు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది 12 × 14 అడుగుల హాలు, నాలుగు వైపులా కలిపి 52 అడుగులు, మూడు రోళ్లు. ఒకదాని కొసకు ఇంకోటి కలిపేసి ఇవే మాస్‌ఫెట్లు వాడొచ్చా?

వోల్ట్‌మీటర్

కొసకు కొస కలపొద్దు. మొత్తం 18 ఆంపియర్లు మొదటి రోల్ పల్చటి రాగిలోంచి పోవాలి, మూడో రోల్‌కు చేరేసరికి నీలం దాదాపు మాయం, మొదటి రోల్ మొదలు వేడెక్కుతుంది.

ఇంకా కొనలేదంటే 24 వోల్టుల స్ట్రిప్ తీసుకోండి. అదే 216 వాట్లకు 18 బదులు 9 ఆంపియర్లు. వైరులో పడే వోల్టేజి సగం, 24లో దాని వాటా నాలుగోవంతు. కత్తిరించే గీతల మధ్య దూరం పెరుగుతుంది, మూలల దగ్గర కొలత చూసుకోవాలి, నష్టం అంతే. 24 వోల్టులకు ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ 55 వోల్టులది కాబట్టి నిశ్చింత. ఐఆర్‌ఎల్‌బీ8721 అనే ఇంకో మాస్‌ఫెట్ 30 వోల్టులదే, పొడుగు వైర్ల కుదుపులకు అది ఇరుకు.

12 వోల్టులే ఉందంటే రోల్‌కు మూడు చొప్పున తొమ్మిది మాస్‌ఫెట్లు. ఒక్కో రంగుకు ఒకే మాస్‌ఫెట్‌తో 6 ఆంపియర్లు లాగితే 6 × 6 × 0.025 = 0.9 వాట్లు, 56 డిగ్రీలు అదనం. వేడెక్కేకొద్దీ నిరోధం పెరిగి ఇంకా పైకి పోతుంది. మే నెలలో స్లాబు కింద, ఫాల్స్ సీలింగ్ పైన, మూసిన డబ్బాలో మొదలే 45 డిగ్రీలుంటుంది. తొమ్మిదిగా విడగొడితే ఒక్కోటి 0.1 వాటే.

ఉనో ఒక పిన్ను మూడు గేట్లను తోస్తే గేటుకు 220 కాదు, 470 ఓమ్‌లు వేయండి. మూడు 220లైతే తొలి క్షణంలో 68 మిల్లీ ఆంపియర్లు, పిన్ను హద్దు దాటుతుంది. 470తో 32.

టంకం_తాతయ్య

బ్రెడ్‌బోర్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. అందులో స్ప్రింగు రేకులు ఒక ఆంపియర్ మించి మోయలేవు. సోర్స్ కాళ్లున్న రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ కాస్త పసుపు తిరిగి, వేలితో తాకితే మెత్తగా ఉందేమో చూడండి. ఉంటే ఆ వరస మళ్లీ దేనికీ వాడొద్దు.

జీరో బోర్డు (టంకం వేసే రంధ్రాల బోర్డు) మీద టంకం వేయండి. డ్రెయిన్, సోర్స్ దారుల మీద 1.5 స్క్వేర్ ఎంఎం వైరులోని రాగి తీగ వలిచి పరిచి, దాని మీద టంకం పోయండి. మూడు సోర్సులూ కలిసే చోటు నుంచి మందపాటి వైరు నేరుగా ఎస్‌ఎంపీఎస్ నెగటివ్‌కు వెళ్లాలి. ఉనో గ్రౌండ్ అక్కడికే విడిగా సన్న వైరుతో రావాలి. 6 ఆంపియర్లు ఉనో గ్రౌండ్ పిన్ను గుండా పోయేలా కలిపారంటే బోర్డు రాగి దారి లేస్తుంది, దానికి ముందు డిమ్మింగ్ మిణుకుమిణుకుమంటుంది.

పాజిటివ్‌లో ఎస్‌ఎంపీఎస్ పక్కనే కారు బ్లేడు ఫ్యూజు, 10 ఆంపియర్లది. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర హోల్డర్‌తో సహా దొరుకుతుంది. 10 ఆంపియర్ల సప్లై వైరు షార్టయినా వెంటనే ఆగకుండా నిప్పు పుట్టించగలదు. రోల్ చుట్ట విప్పకుండా నిండు వెలుగులో టెస్ట్ చేయకండి, లోపలి చుట్లకు వేడి పోయే దారి ఉండదు.

కోవ్‌లైట్_5మీ

సరుకు వచ్చింది, జీరో బోర్డు మీద కట్టాను. డ్రెయిన్-సోర్స్: 0.05, 0.04, 0.05. అరగంట నిండు తెలుపు, మాస్‌ఫెట్లు చల్లగా ఉన్నాయి. నాలుగు వైర్లూ రెండో కొసకు లాగాక నీలం రెండు కొసల్లో 11.7, మధ్యలో 11.3. తెలుపు ఒకేలా ఉంది. రీసెట్‌లో వెలగడం పోయింది. తాతయ్య గారు చెప్పినట్టే బ్రెడ్‌బోర్డులో రెండు రంధ్రాలు పసుపెక్కాయి.

ఒకటే మిగిలింది: బాగా తగ్గించిన తెలుపు, అంటే పట్టికలో 6, 7 మెట్ల దగ్గర, ఒకసారి గులాబీగా, ఒకసారి పచ్చగా మారుతోంది.

కోడ్_కారప్పొడి

అక్కడ విలువలు 1, 1, 1 లేదా 1, 2, 1 అవుతున్నాయి. మూడు రంగుల్ని వేరువేరు సంఖ్యలతో కలిపి తెలుపు తెచ్చుకున్నారు కదా, అడుగున ఆ నిష్పత్తి పూర్ణాంకాల్లో ఇమడదు. ముందు రంగుల నిష్పత్తి గుణించి తర్వాత గామా వేస్తున్నారా? వరస మార్చండి. వెలుగు మెట్టుకు గామాను ఫ్లోట్‌లో లెక్కగట్టి, దాన్ని మూడు రంగుల నిష్పత్తితో గుణించి, చివర్లో ఒక్కసారే రౌండ్ చేయండి. ఆ తర్వాత కూడా మూడింట్లో ఏదైనా 4 కంటే తగ్గేచోటే కనీస వెలుగు అని గీత గీసి, దాని కింద నేరుగా సున్నాకు పంపండి.